ముహూర్తం కాయ బొగ్గు

10 జూన్ 1996, సోమవారం

ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, ఈ ఇంటి పోర్టికోలో స్టూలు మీదున్న స్టీలు గ్లాసు డ్రైవర్ యాదగిరి సొంతం. అందులో వేరెవరు టీ తాగినా రెండో గుక్కలో ఉప్పు తగులును. తోటమాలికి ఈ పొద్దే తగిలింది.

చాటింపు అయింది. మనసే ఓ చోట నిలవడం లేదు. అయ్యగారి అమెరికా బండిని ఇంట్లోవాళ్ళు అమ్మేస్తారట. కోడలు రమమ్మకు ఐదో నెల. కదలని బండి నుంచి పెట్రోలు వాసన నేరుగా ఆమె కిటికీలోకి. "యాదగిరి గారూ, ముద్ద దిగట్లేదండీ..." ఆమెను ఏమనగలను? శుక్రవారం తుక్కు సేటు వస్తాడు. ముక్కలుగా కోస్తాడు.

11, మంగళ

సాయంత్రం అయ్యగారు మళ్ళీ ఆ బండి వెనక సీట్లో. పక్షవాతం వచ్చాక గేటు దాటింది లేదు. తెర మీద మా విలన్ పరంధామయ్య గారు నవ్వితే పిల్లలు జడుసుకునేవాళ్ళు. ఇప్పుడు మూతి ఓ పక్కకు... ఎవరూ చూడకూడదట.

"ఇది పోతే నేనెక్కడ కూర్చోవాలిరా?"

జోకు వేయబోయాను. రాలేదు. నాకు!

12, బుధ

బానెట్ ఎత్తి చూశాను. ఉండాల్సిన డబ్బా లేదు.

ట్యాంకులో పెట్రోలు ఎండకు ఆవిరవుతుంది. అది బయటికి పోకుండా ఒక గొట్టం బానెట్ కిందున్న బొగ్గు డబ్బాలోకి తెస్తుంది. బొగ్గు పీల్చి పట్టుకుంటుంది. బండి నడిచినప్పుడు ఇంజను దాన్ని లాక్కుని కాల్చేస్తుంది. అంతే సంగతి. ఎవడో మెకానిక్ మహానుభావుడు "ఎక్స్‌ట్రా సామాను" అనుకుని పీకి పారేశాడు. గొట్టం నోరు తెరుచుకుని ఉంది. ఇంజను వైపు రంధ్రానికి బోల్టు బిగించాడు. వాడి నోటికి బిగించాల్సింది.

13, గురు

డబ్బా తయారు. ఖాళీ పాలపొడి డబ్బా, అడుగున జాలీ, రెండు గొట్టాలు. లోపల కొబ్బరి చిప్పల బొగ్గు. కట్టెబొగ్గు కంటే అదే బాగా పీలుస్తుంది.

చిప్పలు ఎక్కడివంటే... ఫిల్మ్ నగర్‌లో సూర్యం అని పాత ప్రొడక్షన్ మనిషి. అయ్యగారి మొదటి సినిమా ముహూర్తంలో కొట్టిన కాయ చిప్పలు మద్రాసు నుంచి ట్రంకుపెట్టెలో తెచ్చి దాచాడు. అడగ్గానే ఇచ్చాడు. కళ్ళు కూడా తుడుచుకున్నాడు. ఆ రెండూ మధ్యలో, మామూలువి చుట్టూ.

అయ్యగారికి చెప్పాను. డబ్బా ఒళ్ళో పెట్టుకుని నిమిరి, ఇక బిగించమన్నారు.

14, శుక్ర

సేటు వచ్చాడు. రమమ్మ కిటికీ దగ్గర నిలబడి రెండుసార్లు ముక్కు ఎగబీల్చింది. "వాసన లేదేంటండీ? ఇంకొన్నాళ్ళు చూద్దాం." సేటు టీ తాగి పోయాడు, నా గ్లాసులోనే! ఉప్పు వేయడం మరిచాను.

18, మంగళ

మళ్ళీ వాసన. థూ!

తప్పు డబ్బాది కాదు. నిండిపోయింది. పట్టుకున్నది వదలాలంటే బండి రోడ్డెక్కాలి. నేనొక్కణ్ణే ఓ చుట్టు తిప్పుకొచ్చినా చాలు. ఆ ముక్క అయ్యగారికి చెప్తానా?

"అయ్యా, గది మీ ముహూర్తం కాయ. మీరు కూసోకుంటే మాట వినదట."

"నోర్ముయ్‌రా. బొగ్గుకి కూడా సెంటిమెంటా?"

"ఫిల్మ్ నగర్‌ల దేనికి లేదో చెప్పుండ్రి."

గేటు వైపు చూశారు. తర్వాత... "అద్దాలు ఎత్తి పెట్టు."

19, బుధ

గేటు దాటాం!

చెక్‌పోస్ట్ మీదుగా కృష్ణానగర్. టీ బండి దగ్గర జూనియర్ ఆర్టిస్టుల గుంపు. పొడుగు బండి చూసి ఒకడు అద్దానికి ముఖం ఆనించాడు. "అరే, పరంధామయ్య సార్ రా!" అయ్యగారు తనే అద్దం దించారు. ఆ వంకర మూతితోనే నవ్వారు. వాడు రెండడుగులు వెనక్కి.

"ఇంకా భయపడుతున్నార్రా వీళ్ళు!" దారంతా అదే మాట.

20, గురు

వాసన లేదు. రమమ్మ పెరుగన్నం తిన్నది.

20, సాయంత్రం

కొంప మునిగింది. అయ్యగారు చొక్కా ఇస్త్రీ చేయించారు. శాలువా తెప్పించారు. "రేపు సూర్యం ఇంటికి పోనియ్. అన్నేళ్ళు దాచాడు. నా చేత్తో కప్పాలి." పనిచేసే చెయ్యి ఒకటే కదా, నా మీద ప్రాక్టీసు. మూడుసార్లు జారింది. నాలుగోసారి నిలిచింది. చిన్నపిల్లాడిలా చూశారు.

లేడని చెప్తే ఇక గేటు దాటరు. బండినైతే నేనొక్కణ్ణే తిప్పుతాను, ఆయన్ను ఎవరు తిప్పాలి? చెప్పకపోతే...

డైరీ, ఇక నీ దగ్గర దాపరికం ఎందుకు. పదమూడో తారీఖున రాసింది నీకు చెప్పడానికి కాదు. రాసుకుంటే ఆయన ముందు తడబడనని. చిప్పలన్నీ టిఫిన్ సెంటర్ చట్నీవి. సూర్యం అనేవాడు లేనే లేడు.

శాలువా ఇంకా నా భుజం మీదే ఉంది. పొద్దున్న గేటు దాటాక... ఎటు తిప్పాలి?