టన్నెల్‌లో తాగిన నీళ్లు

అన్నయ్యా,

ఫోన్‌లో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు కాబట్టి రాస్తున్నాను.

నిన్న కార్తీక సోమవారం. నీ గ్రీన్‌కార్డ్ కోసం, నక్షత్రం కనిపించేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టనని ఉపవాసమున్న వదినను కొలరాడోలో పదకొండు వేల అడుగుల ఎత్తుకి తీసుకెళ్లావు. దారిపొడుగునా లోయలకి వీడియోలు తీశావు, బర్గర్ తిన్నావు. తల తిరుగుతోంది, కారు ఆపండని ఆమె అంటే, "టన్నెల్ దాటాక ఆపుతాలే, వ్యూ బాగుంటుంది" అన్నావు.

టన్నెల్ మధ్యలో, వెనక సీట్లో నా పక్కనున్న ఆమె నా ఒళ్లోకి ఒరిగిపోతే నేనే నీళ్లు తాగించాను. అప్పుడు కూడా నువ్వన్నది, "నక్షత్రం చూడకుండా తాగిస్తావేంటే? వ్రతం చెడిపోయింది!"

వదిన నా దగ్గరే ఉంటుంది. నీ దగ్గరికి ఎప్పుడు తిరిగి రావాలో తనే చెబుతుంది.

వచ్చే సోమవారం ఉపవాసం నువ్వుండు. కారు నేను నడుపుతాను. టన్నెల్ దాటాకే ఆపుతాను.

నీ చెల్లెలు