గోడ మీది కోపెన్‌హాగన్

లచ్చన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ బిడ్డ రజిత పైచదువుకని కోపెన్‌హాగన్ చేరింది. పొద్దున బహ్రెయిన్ లేబర్ క్యాంపులో ఉన్న నాకు వీడియో కాల్ చేసింది. కాలువ ఒడ్డున రంగురంగుల ఇళ్లు, పడవలు, ఫోటోలు దిగే యాత్రికులు, సైకిళ్ల మీద కాలేజీ పిల్లలు.

"కాకా, నా చిన్నప్పుడు బాపు పంపిన ఫోటోల ఇండ్లు గివ్వే! 'నేనుండే దుబాయి గిదే బిడ్డా' అన్నడు. మరి బాపు ఏడ ఉండె?"

పాత క్యాలెండర్‌లోంచి చింపి గోడకు అంటించిన ఆ ఇళ్ల బొమ్మనే ఫోటో తీసి ఇంటికి పంపావా? మన ఊరికి గల్ఫంతా దుబాయే, సరే; ఈ సిత్రా క్యాంపులో ఇన్నేళ్లు పక్కపక్కనే పడుకున్నాం, నాకొక్క మాటైనా చెప్పలేదేం?

అబద్ధం నోటికి రాలేదు. ఫోన్ నీ మంచం వైపు తిప్పాను. దాని పైన ఆ బొమ్మ ఇంకా అలాగే ఉంది. రజిత చూపు బొమ్మ మీంచి మంచం మీదికి దిగింది.

"గింత చిన్న మంచమా, కాకా?"