విడిగా వినకు

సౌభాగ్యవతికి,

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, వంటింటి గోడ మీది బల్లీ. అమ్మాయీ, పసివాడూ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం చూసి సంతోషించాను. మాత్రలు వేసుకుంటున్నాను. కుక్కర్ మాడ్చానా అని అడిగావు, మాడ్చాను. పాటలో నీ వయొలిన్ ఎలా వినిపిస్తోందని అడిగావు. దానికి చివర్లో వస్తాను.

ముందు ఆ పాట సంగతి. రోత పుడుతోంది. వాయిద్యాలన్నీ కలిపి పాట చేసే ఈ పని ఎందుకు నేర్చుకున్నానా అనిపిస్తోంది. డ్రమ్ములవాడు వచ్చి, "దెబ్బ గుండెల్లో పడాలి సార్" అంటాడు. బేస్ గిటారువాడికి కిటికీ అద్దాలు అదరాలి. కీబోర్డువాడైతే మంద్రం నుంచి పై స్వరాల దాకా పరుచుకున్నాడు, బస్సులో మూడు సీట్ల మీద తువ్వాలు వేసినవాడిలా. ఎవడిది వాడికి విడిగా వినిపిస్తే అద్భుతం. కలిపితే బురద. తలా ఒక చోట సర్దుకుని కూర్చోవాలని చెబితే, "మీ కాలం వేరు సార్" అన్నాడు. మనిషి అత్యాశ మీద నేను చదివిన పుస్తకాలన్నీ వాడి నెత్తిన పడేస్తే పోయేది.

అందరి నాదంలోనూ ఎక్కువైనంత తీసేసి, అందరినీ కోశాను. డ్రమ్ముకి అడుగున చోటిచ్చి, బేస్‌ని కాస్త పైకి జరిపి, కీబోర్డు కింది భాగం తీసేశాను. అయినా మా అన్నయ్య కూతురి గొంతు పైకి రాలేదు. అది పాడిన మొదటి పాట ఇది. నోరు విప్పి పాడటం రాదని నిన్న దాని ముఖానే అన్నాను.

అది ఏడవలేదు. పాట మళ్లీ విని, "బాబాయ్, అందర్నీ కోశావు. పిన్ని వయొలిన్ ముట్టుకోలేదేం?" అంది.

"అది బాగానే ఉందిగా."

"బాగుంది. నా గొంతు ఉండాల్సిన చోట అదే ఉంది. ఇంట్లో పిన్ని లేదని పాటంతా పిన్నినే నింపేస్తే నేనెక్కడ నిలబడను?"

ఇంతసేపూ చెప్పకుండా నాన్చుతున్నది ఇదే. నువ్వు వెళ్లినప్పటి నుంచీ రోజూ నీ వయొలిన్ ఒక్కదాన్నే పెట్టుకుని విన్నాను. వింటూ కాస్త కాస్త నిండుగా చేశాను. ఆ ముగ్గురినీ తిట్టిన నోటితోనే చెబుతున్నాను, నేనూ తక్కువ తినలేదు. నన్ను చూస్తే నాకే అసహ్యం వేసింది.

ఇవాళ నీ వయొలిన్ నాదంలో, పిల్ల గొంతుకు అడ్డొచ్చే మధ్య స్థాయిని కోసేశాను. విడిగా వింటే రేకు డబ్బా గీకినట్టుంటుంది. అలా వినకు. మొత్తం పాటలో విను; పిల్ల గొంతు వెనక నీ కమాను కదలడం తెలుస్తుంది. దానికి పాడటం వచ్చు. ఆ మాట ఇంకా దానితో అనలేదు.

కోయకముందుది చెరపలేదు. పాటకు పనికిరాదు. నువ్వు వచ్చేదాకా ఇంట్లోకి పనికొస్తుంది.

ఇట్లు,
మీ ఆయన