పోలినాయుడి మీసం

ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఉంటున్న రైల్వే ఫిట్టర్ బొంతు విల్‌ఫ్రెడ్ గారి కుమార్తె స్వర్ణకుమారి అను నేను, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేత్తో రాసుకున్న వీలునామా ఇది. వచ్చే వారం వెల్లూరులో నాకు గుండె ఆపరేషన్. డాక్టర్లు అనుమానించింది గుండెను మాత్రమే. బుద్ధి స్థిరంగానే ఉంది. దీన్ని అమలు జరిపే బాధ్యత మా అన్నయ్య తీతుది.

1. నా ఇంగ్లీషు పుస్తకాలు స్నేహితురాలు సూసన్నకు. వానలో ఎన్నిసార్లు అడిగినా నేను ఇవ్వని గొడుగు కూడా.

2. నా రంగుల పెట్టె, బ్రష్షులు అన్నయ్యకు. నా మంచి బ్రష్షుతో సైకిల్ చైనుకు నూనె పూసినందుకు ఇంకా క్షమించలేదు. ఇక నిశ్చింతగా పూసుకోవచ్చు.

3. నేను రాసి, బొమ్మలు వేసి అచ్చు వేయించిన పిల్లల పుస్తకం ‘పోలినాయుడి మీసం’ మిగిలిన ప్రతులు, దాని సర్వహక్కులు పక్క క్వార్టర్ జోగమ్మ మామ్మకు చెందాలి. కారణం చెప్పాలి.

ఆ కథ మామ్మది. కుళాయి దగ్గర బిందెల వరుసలో చెప్పేది. పోలినాయుడు కుండెడు అంబలి తాగి పడుకున్నాడు. నిద్రలో మీసం పెరిగి పెరిగి పలాస దాటింది. రైల్వే దొరలు దాన్ని రైలు పట్టా అనుకుని కింద స్లీపర్లు పేర్చారు. మద్రాసు మెయిలు ఇప్పటికీ దాని మీదే పోతోంది. విన్నవాళ్లు ఒక్కొక్కరూ ఆ మీసాన్ని తమ ఊరి దాకా పొడిగించాలి. ‘అబద్ధం’ అన్నవాళ్లు మామ్మ బిందె మోయాలి. నేను సిగ్గుపడి ఎన్నడూ ఏ ఊరూ కలపలేదు.

కథకు ముగింపు, నీతి ఉండాలని కాన్వెంటులో నేర్చుకున్నాను. అందుకని చివరి పేజీలో మంగలిని రప్పించి మీసం తీయించాను. కింద ‘అబద్ధాలాడరాదు’ అని రాశాను.

చదివి వినిపిస్తే మామ్మ, “బొమ్మలు బాగున్నాయి గానీ పాపా, మీసం పోనాక ఆడికింకేటి మిగిలినాది?” అంది. నేను నవ్వేశాను. మర్నాడు ఆమె కథ ఎత్తుకోగానే పిల్లలు, “మీసం గొరిగేసినారు గదా మామ్మా! బుక్కులో ఉంది. అబద్దాలాడకూడదంట!” అని గోల పెట్టారు. “ఠీక్ హై, అలాగే నాయనా” అని ఆమె బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది. మళ్లీ ఆ కథ చెప్పలేదు. నేను ఆ వరుసలోనే ఉన్నాను. నోరు తెరవలేదు.

4. మిగిలిన ప్రతులన్నిటిలో చివరి పేజీ నేనే చించేశాను. అమ్ముడుపోయిన వాటిని ఏమీ చేయలేను. మళ్లీ అచ్చు వేస్తే ఆ పేజీ ఖాళీగా ఉండాలి. అట్ట మీద మామ్మ పేరు ఉండాలి.

5. నా సమాధి దగ్గర ప్రసంగాలు వద్దు. మామ్మకు మనసైతే ఆ కథ చెప్పాలి. లేకపోతే ఎవరూ బతిమాలకూడదు. చెబితే మాత్రం పిల్లలు ఊళ్లు కలపాలి. పాస్టరు గారు ‘అబద్ధం’ అంటే ఆయనైనా బిందె మోయవలసిందే.

6. నేను బతికి వస్తే ఒకటి, రెండు అంశాలు చెల్లవు. మూడు, నాలుగు అప్పుడూ చెల్లుతాయి, చట్టం ఏమన్నా సరే. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం నాకు లేదు కనుక, నా బండి కదలగానే అన్నయ్య ఈ మాట మామ్మకు చదివి వినిపించాలి:

మామ్మా, మీసం వెల్లూరు దాకా పెరిగింది. దాని మీదే వెళ్తున్నాను.

1963 జూలై 14, ఖరగ్‌పూర్.

(సంతకం) బొంతు స్వర్ణకుమారి

నా ఎదుట సంతకం చేసిన సాక్షులు:
పాస్టరు సత్యవేదం
అప్పలకొండ, పాయింట్స్‌మన్