అసలు ఫైలు చెరపకు

తమ్ముడూ, పెద్దక్క దీవెనలు.

అమ్మ పాటల ఫైలు అందింది. చెక్‌సమ్ అనే ఆ లెక్క, అదే ఫైలు కాస్త మారినా మారిపోయే అక్షరాల వరస, సరిపోయిందని నేను రాశాక నీ దగ్గరున్న అసలుది చెరిపేస్తానన్నావు. చెరపకు.

నువ్వు చెప్పినట్టే కంప్యూటర్లో ఆజ్ఞలు రాసే నల్ల తెర తెరిచి, ఆ లెక్క తీసే ఆజ్ఞ షా256సమ్ అని కొట్టి, పక్కన ఫైలు పేరు రాశాను. అంకెలూ అక్షరాలూ కలిసి అరవై నాలుగు వచ్చాయి. నువ్వు పంపిన వాటితో నాలుగేసి చొప్పున పైకి చదువుతూ పోల్చుకుంటుంటే, మీ బావగారు తొంగిచూసి, "ఇదేం కొత్త స్తోత్రమే? దేవుడికైనా అర్థమవుతుందా?" అన్నారు.

మొదటి నాలుగే కలవలేదు. మూడుసార్లు చేశాను. "మీవాడే తప్పు పంపుంటాడు, ఫోన్ చేసి దులిపెయ్" అన్నారాయన.

తప్పు నాదే. లెక్క చూడకముందే పాటలు విన్నాను. మూడో పాట మధ్యలో అమ్మ ఆగి, "పెద్దదానా, నువ్వు గొంతు కలపకు తల్లీ, శ్రుతి పారిపోతోంది" అంటుంది కదా. కోడలు వింటే నా పరువేం కాను? ఆ ఆరు సెకన్లూ కత్తిరించి, అదే పేరుతో సేవ్ చేశాను. ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. ఆ వరస మొత్తం మారిపోయి నన్ను పట్టిచ్చింది.

ప్రార్థనకు కూర్చున్నా మనసు నిలవలేదు. అప్పుడు గుర్తొచ్చింది, ఆ మాట అనేసి అమ్మ పకపకా నవ్వుతుంది. అదీ కత్తెరలో పోయింది. పాటలు పద్నాలుగున్నాయి, నవ్వు అదొక్కటే.

మళ్ళీ పంపు, తిట్టుతో సహా. ఈసారి ముందు లెక్క, తర్వాతే పాట.

నీ పెద్దక్క