చావనివ్వని పగ

రాజుపాలెం,
జూన్ 2023

అన్నయ్య ఉపేంద్రకి వందన రాస్తున్నది,

నీ ఆరోగ్యం బాగుందని తలుస్తాను. ఈ ఉత్తరం నీకంటే ముందు అక్కడి సార్లు చదువుతారని తెలుసు. చదివితే చదవనీ. ఇందులో దాచేది ఒక్క పేరే, అది ఎలాగూ రాయడం లేదు.

మీ బావ పోయినప్పుడు నీకు పెరోల్ ఇవ్వలేదు. అప్పుడు నువ్వు రాసిన ఉత్తరంలో ఓదార్పు మాటేమీ లేదు. "ఎవరివల్ల సోకింది?" అని ఒక్కటే అడిగావు. కరోనా లోకమంతా వచ్చినట్టే మనింటికీ వచ్చింది, ఎవర్నని అనుకుంటాం అని జవాబు రాశాను. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

పోయిన వారం నరసరావుపేట నుంచి శ్రీదివ్య అనే డాక్టరమ్మ ఫోన్ చేసింది. రెండో వేవ్‌లో డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకి కరోనా ఎలా సోకింది, పోయినవాళ్ళు ఎందుకు పోయారు, మిగిలినవాళ్ళు ఎలా తట్టుకున్నారు అని పరిశోధన చేస్తోందట. చెన్నకేశవులు గారి భార్యగా మీరొచ్చి నాలుగు మాటలు చెబితే మేలవుతుందని అడిగింది. వెళ్ళాను. మీ బావ పోయాక ఆ డయాలసిస్ సెంటర్ మెట్లు ఎక్కడం అదే మొదలు.

నన్ను ఒక కర్టెన్ ఇవతల కూర్చోబెట్టారు. అవతల ఎవరో పెద్దాయన డాక్టరమ్మకి చెబుతున్నాడు. చెవుడనుకుంటా, గొంతు హాలంతా వినిపిస్తోంది. ఆ గొంతు నాకు తెలుసు. మీ బావ పక్క మంచం మనిషే. వారానికి మూడుసార్లు ఇద్దరూ ఒకే షిఫ్టులో మిషన్ ఎక్కేవాళ్ళు. వాళ్ళావిడా నేనూ బయట ఒకే బల్ల మీద కూర్చునేవాళ్ళం.

"పాజిటివని ముందురోజే ఫోనుకి మెసేజొచ్చిందమ్మా. చెప్తే ఈడికి రానియ్యరు, గుంటూరు పొమ్మంటారు. ఆడ మంచం దొరక్క మా ఊరాయన గేటు కాడే పోయాడు. నాకు జొరం లేదు. నుదుటికాడ ఆ తుపాకీ పెట్టి చూసినా ఏం తెలవలా. ఎవరికీ చెప్పకుండా వచ్చి పడుకున్నా."

మీలాంటి వాళ్ళకి చాలామందికి జ్వరం బయటపడదండీ అని డాక్టరమ్మ అంది. తర్వాత, మాస్కు పెట్టుకునే ఉన్నారా అని అడిగింది.

"లేదమ్మా. మామిడిపండు తీసకపోయా. కోసుకొని తిన్నా. పక్కాయనక్కూడా పెట్టా."

నీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. కిడ్నీలు పోయినవాళ్ళకి పండ్లు విషంతో సమానం. కానీ మిషన్ ఎక్కిన మొదటి గంటలో ఏదైనా కొంచెం తింటే మిషనే లాగేస్తుందని, నోరు కట్టుకోలేక అక్కడ అందరూ ఆ గంటలో తింటారు. ఒకరికొకరు పెట్టుకుంటారు. ఆ సాయంత్రం మీ బావ వ్యాను ఎక్కుతూనే, "ఇయ్యాల మామిడిపండు తిన్నానే, ఆయనే కోసి పెట్టాడు" అని చిన్నపిల్లాడిలా చెప్పాడు. చల్లగా ఉండాలి ఆ మనిషి అని నేను మనసులో దణ్ణం పెట్టుకున్నాను. నాలుగు రోజులు తిరక్కుండా మీ బావకి ఆయాసం మొదలైంది. తర్వాతి సంగతి నీకు తెలుసు. శవాన్ని కూడా నాకివ్వలేదు.

అతను వచ్చినందుకు నేనేమీ అనను. డయాలసిస్ లేక, ఊపిరాడక ఇంట్లో చావమని ఎవరిని అనగలం? కానీ రోగం ఉందని తెలిసిన మనిషి మాస్కు తీసి, పక్కవాడికి చేత్తో తినిపిస్తాడా? నన్ను దహించేది అదే.

డాక్టరమ్మ కర్టెన్ పక్కకి లాగి నా ముఖం చూసింది. ఆ పిల్లకి చెమటలు పట్టాయి. మిమ్మల్ని అక్కడ కూర్చోబెట్టడం నాదే తప్పు, ఈ మాట బయటికి పోతే రేపు ఏ పేషెంటూ నాకు నిజం చెప్పడు, ఇంకో రోగం వచ్చినప్పుడు మళ్ళీ ఇలాగే చస్తారు అని బతిమాలింది. తల ఊపి వచ్చేశాను. తల ఊపితే ఒప్పుకున్నట్టా?

దసరాకి విడుదలవుతావని రాశావు. ఆ పేరు అప్పటిదాకా నా దగ్గరే ఉంటుంది. నువ్వొచ్చి అన్నం తిన్నాక చెబుతాను.

నీ చెల్లెలు
వందన


రాజుపాలెం,
జులై 2023

అన్నయ్యా,

నీ కార్డు అందింది. రెండే మాటలు రాశావు, "పేరు రాయి" అని. రాయను. నీ కోపం నాకు తెలుసు. పొలం గట్టు దగ్గర మాటా మాటా పెరిగితే గొడ్డలి ఎత్తినవాడివి. ఆ కోపమే నాకిప్పుడు కావాలి, కానీ నేను చెప్పినప్పుడు కావాలి.

నేను మాత్రం ఆగలేకపోయాను. నువ్వు వచ్చేలోగా అతను భయపడటం ఒకసారి కళ్ళారా చూడాలనిపించింది. దగ్గర ఊరే. మొన్న పొద్దున వ్యాను తీసుకుని వెళ్ళాను. మీ బావని డయాలసిస్‌కి తిప్పడానికి కొన్న వ్యానే, ఆయన కోసం నేర్చుకున్న డ్రైవింగే.

వాకిట్లో కోడలు సుకన్య మిరప మొలకలకి నీళ్ళు పోస్తోంది. మామయ్య డయాలసిస్‌కి పోవడం మానేశాడు, ఎవరు చెప్పినా వినడం లేదు అని నా దగ్గర ఏడ్చింది. నేనెవరో ఆ పిల్లకి తెలియదు. లోపల మంచం మీద ఉన్నాడు. కాళ్ళు వాచి, ముఖం ఉబ్బి ఉంది. కూర్చుంటేనే ఆయాసం. నన్ను చూసి గుర్తుపట్టాడు. భయపడతాడని చూశాను. భయపడలేదు అన్నయ్యా. ఊరట పడ్డాడు.

"నువ్వు ఇన్నావని తెలుసు తల్లీ. మీ అన్న సంగతి కూడా తెలుసు. ఎప్పుడొస్తాడు? తొందరగా రమ్మను. నా చేత్తో నా ఇంటిదాన్ని కూడా చంపుకున్నా. ఇంక నాకు ఈ మిషనొద్దు."

వాళ్ళావిడ కూడా ఆ నెలలోనే పోయిందని నాకప్పుడే తెలిసింది. జాలి కలగాలి కదా? కలగలేదు. ఒళ్ళు మండిపోయింది. డాక్టరమ్మకి చెప్పుకుని గుండె బరువు దించుకున్నాడు. ఇంక హాయిగా పడుకుని పోదామనుకుంటున్నాడు. నా మొగుడు ప్లాస్టిక్ సంచిలో పోయాడు, ఈయన మాత్రం కోడలు కాళ్ళు పడుతుంటే సొంత మంచం మీద పోతాడా? అదీ చాలక, నా అన్న చేత్తో పోయి, నిన్ను మళ్ళీ జైలుకి పంపుతాడా?

"లెగు," అన్నాను. "నీకిష్టమొచ్చినప్పుడు చావడానికి నేనొప్పుకోను. బండెక్కు."

సుకన్యా నేనూ చెరో రెక్క పట్టుకుని వ్యానులో కూలేశాం. నరసరావుపేట దాకా ఒక్క మాట మాట్లాడలేదు. మంచం పక్కన కుర్చీ వేసుకుని, సూది గుచ్చిన దగ్గర నుంచి మిషన్ ఆపేదాకా అతన్నే చూస్తూ కూర్చున్నాను. కళ్ళు మూసుకుంటే లేపాను. పగ తీర్చుకోవడానికి వెళ్ళి రోగిని మోసుకొచ్చింది నా చెల్లెలు అని నవ్వుకుంటావేమో. నవ్వుకో. రేపు మళ్ళీ తీసుకెళ్తున్నాను.

నీ చెల్లెలు
వందన


రాజుపాలెం,
అక్టోబర్ 2023

అన్నయ్యా,

వచ్చే వారం విడుదలని కబురందింది. అమ్మ నీకోసం కందిపొడి కొట్టింది. మూడు ఉత్తరాల్లో నువ్వు అడిగింది ఒకటే. ఈసారి రాస్తున్నాను. ఆయన పేరు బసవయ్య.

చివరిదాకా చదువు.

ఈ నాలుగు నెలలూ ఆయన్ని ఒక్క రోజు కూడా మాననివ్వలేదు. వాన పడినా తీసుకెళ్ళాను. డాక్టరమ్మ పరిశోధనకి బతికినవాళ్ళ రక్తం నెలనెలా కావాలి. ఒంట్లో ఆ రోగాన్ని తట్టుకునే బలం ఎన్నాళ్ళు నిలుస్తుందో చూస్తారట. ఈయన ఇవ్వనన్నాడు. చొక్కా చెయ్యి నేనే పైకి మడిచి పట్టుకున్నాను. ఇస్తావా ఇయ్యవా అన్నాను. డాక్టరమ్మ, మీరలా బలవంతం చేస్తే నేను తీసుకోను, ఆయన నోటితో ఆయన ఒప్పుకోవాలి అని సిరంజి పక్కన పెట్టేసింది. అరగంట తర్వాత ఆయనే పిలిచి ఇచ్చాడు.

నేను చేసిన చెడ్డపని ఒకటుంది. పేరు దాస్తానని తల ఊపాను కదా. నేను దాచాను, ఆయన చేతే చెప్పించాను. బయట బల్లల మీద కొత్త పేషెంట్లు కూర్చుంటే, నువ్వేం చేశావో వాళ్ళకి చెప్పు అనేదాన్ని. చెప్పేవాడు. ఆయన చెబుతుంటే పక్కవాళ్ళు లేచి దూరంగా పోయి కూర్చునేవాళ్ళు. అది చూసి నాకు కడుపు నిండేది. ఇంటికొచ్చి రెండు ముద్దలు ఎక్కువ తినేదాన్ని.

ఒకరోజు ప్రేమమ్మ అని ఎడ్లపాడు ఆవిడ ఆయన చెప్పిందంతా విని, లేచి పోకుండా ఏడ్చింది. నాకు రెండ్రోజుల్నించి జొరమయ్యా, చెప్తే తిప్పి పంపిస్తారని మాత్రేసుకొని వచ్చా అంది. బసవయ్యే ఆవిణ్ణి నర్సు దగ్గరికి తీసుకెళ్ళాడు. వాళ్ళు తిట్టలేదు, తిప్పి పంపలేదు. మూల గదిలో విడిగా ఉన్న మిషన్ మీద పడుకోబెట్టారు. జ్వరం ఉన్నవాళ్ళకని డాక్టరమ్మ పోరి పెట్టించిన మిషనట. నేను ఆ గది గుమ్మంలో నిలబడి చూశాను. ఒక మంచం, ఒక మిషన్, ఒక తలుపు. అంతే. ఆ రోజు అది ఉంటే బసవయ్య దాచేవాడు కాదు. మీ బావ ఈపాటికి వాకిట్లో కూర్చుని నన్ను సతాయిస్తూ ఉండేవాడు. ఎవరి మీద పడి ఏడవాలో తెలియక గోడకి తల ఆనించుకుని ఏడ్చాను.

ఆ పై వారం మిషన్ మీద ఉండగా బసవయ్యకి బీపీ పడిపోయింది. కళ్ళు తేలేశాడు. సిస్టర్, సిస్టర్ అని నేను పెట్టిన కేకకి హాలంతా లేచింది. తేరుకున్నాక చూసుకుంటే ఆయన చెయ్యి నా రెండు చేతుల్లో ఉంది. చచ్చిపోతే నా పగ ఏమైపోతుందోనని భయపడ్డానని నాకు నేను చెప్పుకున్నాను. ఆ మాట నేనే నమ్మలేదు. అలాగని క్షమించానని అనుకోకు. క్షమించలేదు. మొదట్లో అడిగేవాడు, ఇప్పుడు ఆయనా అడగడం మానేశాడు.

నువ్వు బస్సు దిగేది బుధవారం. ఆ రోజు ఆయనకి డయాలసిస్ ఉంది. నేను స్టాండుకి రాను. నువ్వే నేరుగా సెంటర్‌కి రా. కిటికీ పక్కన రెండో మంచం. పొద్దున తొమ్మిది నుంచి ఆయన అక్కడే ఉంటాడు. చేతికి సూదులుంటాయి, కదల్లేడు, పారిపోలేడు. నువ్వొస్తున్నావని చెప్పాను, సరే అన్నాడు. నీకు అంతా ఆయన నోటితోనే చెబుతాడు, మామిడిపండుతో సహా.

నేను బయట వ్యానులో ఉంటాను. నా కుర్చీ నీకు వదిలేస్తున్నాను. మిషన్ ఆపేదాకా కూర్చుని, ఆయన చెప్పేది విను. లేచాక ఏం చేయాలనిపిస్తుందో అది నువ్వే తేల్చుకో. ఆ తర్వాత ఆయన్ని ఇంటి దగ్గర దించాలి. మెట్లు దిగేటప్పుడు కాళ్ళు తడబడతాయి, ఒక మనిషి పట్టుకోవాలి.

నీ చెల్లెలు
వందన