అల్లుడుగారి జింక పర్మిటు, నేను చెప్పిన తుపాకి

వయోమింగ్ రాష్ట్ర వేట శాఖాధికారి గారి సముఖమునకు,

కర్నూలు జిల్లా అటవీ శాఖలో సెక్షన్ ఆఫీసరుగా రిటైరైన ఆత్మకూరు బ్రహ్మయ్య వ్రాసుకొన్న అర్జీ. ప్రస్తుత మకాం: అల్లుడుగారి ఇల్లు, బెంటన్‌విల్. తేదీ: 25-9-2011.

అయ్యా,

విషయం: నా అల్లుడు జగన్మోహన్ పేరిట తమరు మంజూరు చేసిన ఒక జింక పర్మిటును రద్దుపరచుట గురించి, తుపాకి విషయమై అర్జీదారుడు చేసిన తప్పు గురించి.

1. అల్లుడుగారు చీమకు కూడా హాని తలపెట్టినవారు కాదు. కోడినైనా కడిగి ముక్కలు చేసి అట్టపెట్టెలో పెట్టిందే తెస్తారు. ఆఫీసులో ఆయన పైఅధికారి ఏటా అక్టోబరులో తమ రాష్ట్రానికి జింకల వేటకు వస్తాడట. టీమంతా పర్మిటు లాటరీకి పేర్లిస్తుంటే ఈయనా ఇచ్చారు. గ్రీన్‌కార్డుకు తొమ్మిదేళ్లు తిప్పిన దేశం జింకను మాత్రం మొదటిసారికే ఇచ్చేసింది.

2. అర్జీదారుడు ముప్పైరెండేళ్ల సర్వీసులో కృష్ణజింకలను కొట్టినవారి మీద నలభైయొక్క కేసులు పెట్టి, పట్టుబడిన ప్రతి తుపాకికీ పంచనామా వ్రాసినవాడు. ఈ సంగతి మా అమ్మాయి నీహారిక గొప్పగా చెప్పింది. అల్లుడుగారు కాఫీ నా చేతికిచ్చి, "మామయ్యగారూ, మీకు గన్స్ గురించి బాగా తెలుసట కదా. యాంటిలోప్‌కి ఏ రైఫిల్ సూట్ అవుతుందో మీరే సెలెక్ట్ చేయండి" అన్నారు. కంప్యూటర్‌లో తమ రాష్ట్రపు జింకను చూపించారు. పిర్రల మీద ఆ తెలుపు తప్పితే మా జింకకు చుట్టమే.

3. వద్దని చెప్పవచ్చును గదా అని తమరు అడుగవచ్చును. తమ వైపు మామగార్ల సంగతి నాకు తెలియదు. మా వైపు అల్లుడికి ఎదురు చెప్పరు. పెళ్లినాడు ఆయన కాళ్లు కడిగిన చేతులివి. పైగా నాలుగు నెలలుగా ఆయన ఇంట్లో అన్నం తింటున్నాను.

4. అందుచేత వంకరదారి తొక్కితిని. షాపులో ముసలాయన టూ ఫార్టీ త్రీ అనే రైఫిలు చూపించాడు. జింకకు అదే తగినది. తేలిక, భుజాన్ని తన్నదు, చెయ్యి కుదురుగా నిలుస్తుంది. నేను తల అడ్డంగా ఊపి, ఎలుగుబంటిని పడగొట్టే త్రీ హండ్రెడ్ మాగ్నమ్ వైపు వేలు చూపించాను. దాని తన్నుకు జడిసి అల్లుడుగారు కళ్లు మూసుకుంటారు, గుండు ఆకాశంలోకి పోతుంది, జింక దాని దారిన అది పోతుంది అనుకున్నాను. తెలివి అనుకున్నాను.

5. పోయిన శనివారం ప్రాక్టీసు చేసి వచ్చి, జింక బొమ్మ కాగితం ఫ్రిజ్‌కి అంటించారు. పది గుండ్లు. కళ్లు మూసుకున్న మాట నిజమే. నాలుగు బయటికి పోయాయి. మూడు పొట్టలో, రెండు వెనక కాలిలో, ఒకటి దవడలో. "సిక్స్ అవుట్ ఆఫ్ టెన్! నాట్ బ్యాడ్ కదా మామయ్యగారూ?" అన్నారు. నేను దవడలోని ఆ ఒక్క రంధ్రమే చూస్తున్నాను.

6. ఎనభైయేడులో రోళ్లపాడు మెట్టల్లో ఎవడో కొట్టిన జింక, దవడ వేలాడుతూ మూడు రోజులు తిరిగింది. గడ్డికి మూతి ఆనించేది, నమలలేకపోయేది. నేను దాని వెనకే నడిచాను. నా చేతిలో లాఠీ ఉంది, తుపాకి లేదు. మూడోనాడు అది పడిపోతే పక్కన కూర్చుని ఏడ్చాను. రిపోర్టులో "మృతి చెందినది" అని మాత్రం వ్రాశాను.

7. సరైన తుపాకి చెప్తే జింకను నేనే చంపించినవాణ్ణి. చెప్పకపోతే మూడు రోజులు నడిపించినవాణ్ణి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కావున తమరు దయయుంచి ఫోటో సరిగా లేదనో, సంతకం కలవలేదనో ఏదో ఒక కొర్రీ వేసి పర్మిటు రద్దు చేయ ప్రార్థన. కొర్రీ వేయుట అలవాటు లేకపోతే మా జిల్లా ఆఫీసువారు నేర్పగలరు.

నా చేతిలో ఇంకేమీ లేనందున తమ చేతిలో పెడుతున్నాను. చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఆత్మకూరు బ్రహ్మయ్య

తా.క. దీన్ని ఇంగ్లీషులో టైప్ చేస్తున్న నా మనవరాలు అనిక, పదేళ్లది, ఆరో నంబరు దగ్గర ఆగిపోయింది. "తాతా, హంటింగ్ నెక్స్ట్ వీకే. ఈ లెటర్ రీచ్ అయ్యేలోపు అయిపోతుంది. నువ్వే డాడీకి చెప్పొచ్చు కదా?" అంది.

వెళ్లి చెప్పాను. వద్దని కాదు, ఆ మాట ఇప్పటికీ నోట రాలేదు. తుపాకి మార్చమన్నాను. ఫ్రిజ్ మీది కాగితంలో ముందుకాలి వెనకగా వేలు పెట్టి, గుండె ఇక్కడుంటుందని చూపించాను. ముప్పైరెండేళ్లు ఎవరికీ చూపించని చోటు. అల్లుడుగారు ఫోన్‌లో ఫోటో తీసుకుని, "థాంక్స్ మామయ్యగారూ, మీరూ రండి" అన్నారు.

వస్తానన్నాను. గురి తప్పితే దాని వెనక నడవడానికి ఒకడుండాలి. అల్లుడుగారికి ఆ నడక తెలియదు.